నాయనతో ఐల్ ఆఫ్ వైట్: ఒక చిన్న బొగ్గింజన్ కోసం ఐదు రోజులు

ఇంటికొచ్చి మూడు రోజులైంది. నాయన తెల్లచొక్కా రెండుసార్లు ఉతికినా భుజాల దగ్గర మసి వదల్లేదు. చూసినవన్నీ ఇంకా పచ్చిగా గుర్తున్నప్పుడే రాసిపెడదామని కూర్చున్నాను.

మా నాయన బిట్రగుంట లోకో షెడ్డులో పనిచేశాడు. 1968లో ఇంజన్లు తుడిచే క్లీనర్‌గా చేరాడు. తర్వాత మంటలో బొగ్గు వేసే సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్ అయ్యాడు. బొగ్గింజన్లు పోయాక డీజిల్‌కి మారి, గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఈ వేసవిలో మూడు నెలలు ఉండిపోదామని ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చాడు. టవర్ బ్రిడ్జి చూపించాను, బిగ్ బెన్ చూపించాను. "బాగుందబ్బయ్యా" అని ఊరుకున్నాడు. ఒకరోజు రాత్రి అన్నాలయ్యాక ఇంగ్లండ్‌కి దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఇప్పటికీ తిరిగే బొగ్గింజన్ బండి వీడియో ఫోన్లో పెట్టాను. మూడుసార్లు చూసి, అద్దాలు తీసి తుడుచుకొని అడిగాడు: "టెండర్ ఏదిరా దీనికి?"

మన మెయిల్ బండ్లు లాగిన డబ్ల్యుపి ఇంజన్‌కి వెనక పెద్ద టెండర్ ఉండేది. బొగ్గు, నీళ్లు అందులోనే. ఈ వీడియోలోది ట్యాంక్ ఇంజన్, దీనికి అది ఉండదు. బాయిలర్‌కి రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు, డ్రైవర్ నిలబడే చోటికి వెనకాల బొగ్గు పెట్టె, అంతా ఒంటిమీదే మోసుకుంటుంది. దూరాలు పోలేదు గానీ, రెండు మైళ్లకో స్టేషన్ ఉన్న లైన్లో ఆగుతూ లేస్తూ పోయే ప్యాసింజర్ బండికి చక్కగా సరిపోతుంది. బ్రిటన్‌లో ఇలాంటివి ఎన్నో తరగతులు కట్టారు. మేం వీడియోలో చూసింది ఓ2 తరగతి ఇంజన్. 60 కడితే మిగిలింది అదొక్కటే. "పోదాం" అన్నాడు నాయన.

శుక్రవారం, నైన్ ఎల్మ్స్, లండన్

దీవికి పోయేముందు అది పుట్టిన చోటు చూడాలన్నది నాయన కోరిక. లండన్ అండ్ సౌత్ వెస్ట్రన్ రైల్వే వర్క్‌షాపు థేమ్స్‌కి దక్షిణపు ఒడ్డున నైన్ ఎల్మ్స్‌లో ఉండేది. 1838 నుంచి ఆ కంపెనీ బండ్లకి లండన్లో ఆఖరి స్టేషన్ కూడా అక్కడే. పదేళ్లకి వాటర్లూ స్టేషన్ తెరవడంతో ప్రయాణికులు అటు పోయారు. ఇంజన్ల పని మాత్రం 20వ శతాబ్దం మొదటి దాకా ఇక్కడే సాగింది. విలియం ఆడమ్స్ ఆ కంపెనీకి ఇంజన్ల పెద్దగా ఉన్న రోజుల్లో, 1889 నుంచి 1895 లోపు, ఓ2 ఇంజన్లు 60 ఇక్కడ తయారయ్యాయి. పాత లైన్ల మీద బరువైన ఇంజన్ ఎక్కిస్తే పట్టాలు తట్టుకోవు కాబట్టి తేలికగా, పొట్టిగా కట్టారు. మేం చూడబోయేది అప్పట్లో 209 నంబరుది. 1891 డిసెంబరులో బయటికి వచ్చింది.

పొద్దున పదింటికి చేరుకున్నాం. షెడ్డు లేదు, చిమ్నీ లేదు. ఆ స్థలంలో న్యూ కోవెంట్ గార్డెన్ మార్కెట్ ఉంది: పూలు, పళ్లు, కూరగాయల టోకు అంగడి. అది నడిచేది రాత్రిపూట, తెల్లారేసరికి సర్దేస్తారు. ఆ సంగతి ముందే కనుక్కోవలసింది. ఖాళీ అట్టపెట్టెలు, నేలమీద నలిగిన ఆకులు, నీళ్లు కొట్టి కడుగుతున్న ఒక మనిషి. ఆయన మమ్మల్ని చూసి గొట్టం పక్కకి తిప్పాడు. పూలకి వచ్చారా, నాలుగ్గంటలకల్లా రావాలే అన్నాడు. పూలకి కాదని చెప్పాను. ఇంజన్లు కట్టిన చోటు చూడడానికి వచ్చామంటే ఒక్క క్షణం ఆలోచించి, పైన వంతెన మీద పోతున్న రైళ్లని చూపించాడు. అవి వాటర్లూకి పోయే బండ్లు. నాయన ఆ వంతెన కింద పది నిమిషాలు నిలబడి, పైన ఒకదాని వెనక ఒకటి పోతున్న బండ్ల చప్పుడు విన్నాడు.

మార్కెట్ నుంచి కొంచెం నడిస్తే సౌత్ లాంబెత్ రోడ్డు. పోర్చుగీసు వాళ్ల అంగళ్లన్నీ అక్కడే. ఒక చిన్న కేఫ్‌లో కస్టర్డ్ టార్టులు తిన్నాం, ఒక్కోటి రెండు పౌండ్లకి లోపే. నాయన కొరికి, "పఫ్‌లో పాలకోవా పెట్టినట్టుంది" అని ఇంకోటి తెప్పించుకున్నాడు. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన అది గమనించి మూడోది ఊరికే తెచ్చి పెట్టాడు.

శనివారం, రైడ్

పోర్ట్స్‌మత్ హార్బర్ నుంచి పడవలో ఇరవై నిమిషాల పైచిలుకు. దిగేది దీవిలోని రైడ్ ఊరి పియర్ చివర. పియర్ అంటే పడవలు ఆగేలా సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన. దీన్ని 1814లో తెరిచారు. సముద్రంలోకి అర కిలోమీటరుకి పైనే పోతుంది. అంత పొడవు ఎందుకంటే ఇక్కడ సముద్రం ఆటుకి చాలా దూరం వెనక్కి పోతుంది. మేం దిగినప్పుడు కింద నీళ్లే లేవు, తడి ఇసుకలో పిల్లలు బొమ్మ పారలతో తవ్వుకుంటున్నారు. చెక్కల మీద కార్లు పోతుంటే దడదడమని చప్పుడు. పక్కనే రైలు పట్టాలు.

ఆ రైలు చూసి నాయన ఆగిపోయాడు. "ఇది లండన్ మెట్రో బండి గదా!" నిజమే. లండన్ డిస్ట్రిక్ట్ లైన్లో తిరిగి రిటైరైన పెట్టెల్ని బాగుచేయించి ఇక్కడ నడుపుతున్నారు. రైడ్ ఊరి కింద ఒక సొరంగం ఉంది. దాని కప్పు తక్కువ ఎత్తు. మామూలు పెట్టెలు దూరవు. అందుకే 1967లో ఈ లైనుకి కరెంటు పెట్టినప్పుడు ఎత్తు తక్కువున్న లండన్ ట్యూబ్ (భూగర్భ మెట్రో) బండ్లు తెచ్చారు. అప్పటినుంచీ అదే పద్ధతి. అంతకుముందు నలభై ఏళ్లకి పైగా ఆ సొరంగంలోంచి ఎక్కువగా పోయినవి మన ఓ2 ఇంజన్లే.

దీవికి అవి ఎందుకొచ్చాయో చెప్పాలి. ఇంత చిన్న దీవిలో ఒకప్పుడు మూడు వేర్వేరు రైల్వే కంపెనీలు ఉండేవి. ఎవరి పాత ఇంజన్లు వాళ్లవి. 1923లో బ్రిటన్ రైల్వేల్లో దాదాపు అన్నిటినీ నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపినప్పుడు దీవి సదరన్ రైల్వే కిందికి వచ్చింది. వాళ్లు ఆ గుజిలీ సామానంతా చూసి, లండన్ చుట్టుపక్కల కరెంటు బండ్లు రావడంతో పని తగ్గిన ఓ2లని ఇటు పంపడం మొదలుపెట్టారు. మొత్తం 23 వచ్చాయి. ఒక్కోదానికీ దీవిలోని ఒక ఊరి పేరు పెట్టారు: ఆషీ, షాంక్లిన్, వెంట్నర్, బాన్‌చర్చ్. 1925లో వచ్చిన 209కి 24 నంబరు, కాల్‌బోర్న్ అనే పేరు దక్కాయి. అప్పటికే దాని వయసు 33. మన లెక్కలో రిటైర్మెంటుకి దగ్గర పడ్డట్టే. ఇక్కడికొచ్చాక ఇంకో 41 ఏళ్లు రోజూ డ్యూటీ చేసింది.

బస యూనియన్ స్ట్రీట్ ఎగువన ఒక ఇంట్లో, రెండు మంచాల గదికి రాత్రికి 85 పౌండ్లు. ఆ వీధి కొండెక్కినట్టే. నాయన మధ్యలో మూడుసార్లు ఆగి సముద్రం చూసే నెపంతో ఊపిరి తీసుకున్నాడు. శనివారాలు నాయన నీచు ముట్టడు. చిప్స్ అయినా తిందామని అంగడికి పోతే, ఏ నూనెలో వేయిస్తారో ముందు అడగమన్నాడు. మంచి ప్రశ్నే. ఇక్కడ కొన్ని అంగళ్లలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కౌంటర్ వెనకున్న అమ్మాయి, పద్దెనిమిదేళ్లుంటాయి, లోపలికి పోయి డబ్బా తెచ్చి దానిమీద రాసింది మాకు చూపించింది. గొడ్డు కొవ్వే. క్షమించండి అని చెప్పి, రెండు వీధుల అవతల శాకాహారులకి వేరే వేయించే చోటు ఉందని కాగితం మీద గీసిచ్చింది. చీకటి పడింది, మళ్లీ ఎత్తు ఎక్కాలి. గదికే పోయి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా విప్పాం.

ఆదివారం, స్మాల్‌బ్రుక్ నుంచి వూటన్ దాకా

బొగ్గింజన్ లైను స్మాల్‌బ్రుక్ జంక్షన్ దగ్గర మొదలవుతుంది. నాయన మోకాళ్ల గురించి ఆలోచించి టాక్సీ పిలిచాను. స్మాల్‌బ్రుక్ స్టేషన్ అనగానే డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. ఆ స్టేషన్‌కి రోడ్డు లేదట. పొలాల మధ్య రెండు లైన్లు కలిసే చోట, ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడానికి మాత్రమే 1991లో కట్టారు. నడిచి పోవడానికి కూడా దారి లేదు. డబ్బులు తీసుకోకుండా మమ్మల్ని రైడ్ ఎస్ప్లనేడ్ స్టేషన్లో దింపి పోయాడు. రోడ్డే లేని స్టేషన్ ఉంటుందని నాయన కూడా ఎప్పుడూ వినలేదు.

అక్కడ దిగితే రెండు ప్లాట్‌ఫారాలు, చుట్టూ చెట్లు, పక్షుల అరుపులు. మేం కాక ఒక పదిమంది. ముందు వాసన వచ్చింది. నాయన తల ఎత్తాడు. తర్వాత చెట్లమీద తెల్లటి ఆవిరి, ఆ తర్వాత ఇంజన్.

చాలా చిన్నది. నేను అనుకున్నదానికంటే చిన్నది. ముందు నాలుగు పెద్ద చక్రాలు, వెనక బొగ్గు పెట్టె కింద నాలుగు చిన్న చక్రాలు. పెద్ద చక్రం 4 అడుగుల 10 అంగుళాలు, ఇంచుమించు నాయన భుజం దాకా. మొత్తం బరువు 48 టన్నులు. ట్యాంకుల్లో పట్టేది 800 గ్యాలన్ల నీళ్లు. ట్యాంకు పక్కన ఇత్తడి అక్షరాల్లో కాల్‌బోర్న్ అని పేరు. దాంట్లో మా ఇద్దరి మొహాలూ కనిపించాయి, అంత తోమారు. పొగగొట్టం పక్కన ఒక పంపు ఉంది. బండి ఆగి ఉన్నా అది ఉండుండి టప్ టప్ టప్ అని ఊపిరి పీల్చినట్టు కొట్టుకుంటుంది. నాయన దానికేసి వేలు చూపించి, "గాలి బ్రేకు!" అన్నాడు. మన దగ్గర ఆ రోజుల్లో వాక్యూమ్ బ్రేకులు. ఈ దీవిలో వాడింది వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకులు, అందుకని ఇక్కడికొచ్చిన ప్రతి ఓ2కీ ఆ పంపు తగిలించారు. ఎడమ ట్యాంకు మీద గాలి నిలవుండే పీపా కూడా కనిపించింది. వెనక బొగ్గు పెట్టె కూడా దీవికొచ్చాక పెద్దది చేసిందే.

రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఒకే టికెట్, ఇద్దరికీ కలిపి నలభై పౌండ్లకి కొంచెం పైన. పెట్టెలు ఇంజన్ కంటే విచిత్రం. రైల్వే వాటిని అమ్మేశాక చాలా పెట్టెలు చక్రాల్లేకుండా ఈ దీవిలో తోటల్లో గదులుగా, సముద్రం ఒడ్డున విడిదిళ్లుగా, కోళ్ల గూళ్లుగా దశాబ్దాలు ఉన్నాయి. వాటిని వెతికి తెచ్చి, కుళ్లిన చెక్క మార్చి, రంగేసి, మళ్లీ చక్రాల మీదికి ఎక్కించారు. మేం కూర్చున్న దాంట్లో కిటికీ దించడానికి తోలు పట్టీ ఉంది. పట్టీకి చిల్లులు, చెక్కకి ఇత్తడి మేకు. ఎంత దించాలంటే అన్నో చిల్లులు వదలాలి. నాయన దాన్ని నాలుగుసార్లు ఎత్తి దించాడు.

ఎదురు సీట్లో డెబ్బై దాటిన ఒకామె. చిన్నప్పుడు ఈ లైన్లోనే న్యూపోర్ట్ బడికి పోయేదట. 1966 ఫిబ్రవరిలో దీన్ని మూసేసిన రోజు ఇంట్లో వాళ్లమ్మ ఏడ్చిందని చెప్పింది. మాకు పిప్పరమెంట్లు ఇచ్చింది. నాయన సంచిలోంచి చేగోడీల పొట్లం తీసి చాచాడు. ఆమె ఒకటి తీసుకొని, కొరికి, ఆ చప్పుడుకి తనే నవ్వి, ఇంకో రెండు రుమాల్లో కట్టుకుంది.

"తల బయట పెట్టకు, నలుసు పడుతుంది" అన్నాడు నాయన నాతో, తను మాత్రం తల బయటపెట్టి. ఆషీ దాటాక చిన్న ఎత్తు వస్తుంది. ఇంజన్ గొంతు మారింది. నాయన మోకాలి మీద వేళ్లతో లెక్క కొడుతున్నాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు చప్పుళ్లు. అవి సమంగా పడుతున్నాయా లేదా అని వినడం ఆయనకి అలవాటు. పడుతున్నాయి.

వూటన్‌లో లైను అయిపోతుంది. ఇంజన్ని విప్పారు. అది పక్క లైన్లోంచి అవతలి కొసకి వచ్చి, వచ్చింది వచ్చినట్టే మళ్లీ తగులుకుంది. నాయన చుట్టూ చూశాడు. "టర్న్‌టేబుల్ ఎక్కడ?" లేదని చెప్పాను. ట్యాంక్ ఇంజన్ ముందుకి ఎంత బాగా పోతుందో వెనక్కీ అంతే. తిప్పే పని లేదు. బిట్రగుంటలో డబ్ల్యుపిని టర్న్‌టేబుల్ ఎక్కించి, సరిగ్గా మధ్యలో నిలబెట్టి, నలుగురు తోసి తిప్పడం ఆయన ఇరవై ఏళ్ల వయసులో చేసిన పని. బరువు ఒక అడుగు అటూ ఇటూ అయితే కదలదట. దాని గురించి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ పది నిమిషాల్లో చెప్పాడు.

మేం ఇంజన్ పక్కనే నిలబడ్డాం. ఫైర్‌మన్ ఒక అమ్మాయి, ముప్పై లోపే. మొహాన మసి, మెడలో ఎర్ర రుమాలు. నాయన ఆమెని చూసి నమస్కారం పెట్టి, తన గుండె మీద చెయ్యి వేసుకొని, "ఫైర్‌మన్. ఇండియా" అన్నాడు. ఆమె డ్రైవర్‌కేసి చూసింది. ఆయన పక్కకి జరిగి రమ్మని చెయ్యి ఊపాడు. నేను కింది నుంచి నాయన నడుము పట్టుకుందామని ముందుకొచ్చేసరికి, ఆయన కమ్మీలు రెండూ పట్టుకొని పైకెక్కేశాడు. యూనియన్ స్ట్రీట్ ఎక్కలేని మనిషి.

పైకి పోగానే ముందు నీటి గాజు చూశాడు. బాయిలర్లో నీళ్లు ఎంతున్నాయో చూపించే గాజు గొట్టం అది. తర్వాత ఆవిరి గేజి, 160 దగ్గర గీత. తర్వాత వంగి, తలుపు సందులోంచి మంట చూశాడు. నేను అనువాదం చేద్దామని కింద నిలబడ్డాను. నా అవసరమే రాలేదు. షెడ్డులో నాయనవాళ్లు మాట్లాడుకున్న మాటలన్నీ ఇవే కదా: రెగ్యులేటర్, ఇంజెక్టర్, బ్లోయర్, డ్యాంపర్, క్లింకర్. ఆ అమ్మాయి ఒక మాట అంటుంది, నాయన వేలితో చూపిస్తాడు. నాయన ఒక మాట అంటాడు, ఆమె తల ఊపుతుంది. బొగ్గు ఎక్కడిదని అడిగాడు. బ్రిటన్‌లో గనులు మూతపడి ఇప్పుడు బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నారని ఆమె చెప్పింది. నాయన ఒక బొగ్గు పెళ్ల తీసి చేతిలో బరువు చూసి, "సింగరేణి" అని తన బొగ్గు పేరు చెప్పి, బూడిద ఎక్కువని చేతులతో కుప్ప చూపించాడు.

ఈ పని ఎలా వచ్చిందని నేనే అడిగాను. ఇక్కడ ఎక్కువమంది జీతం లేకుండా, ఇష్టంతో వచ్చేవాళ్లు. ఎవరైనా ముందు క్లీనర్‌గానే చేరాలి. తెల్లారుజామున వచ్చి ఇంజన్ తుడవాలి, బూడిద ఎత్తాలి. ఏళ్లు గడిచాక పరీక్ష పాసైతే ఫైర్‌మన్, ఇంకా ఏళ్లు పోతే డ్రైవర్. తను నాలుగేళ్లు తుడిచిందట. అది నాయనకి తెలుగులో చెప్పాను. "ఇక్కడా క్లీనరే మొదలా!" అన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే ఫైర్‌మన్‌గా చేరానని చెప్పేవాడు. క్లీనర్ అనే మాట కాగితాల్లో చూసే నాకు తెలిసింది.

ఆ అమ్మాయి కమ్మీ తుడుచుకుంటున్న గుడ్డపీలిక అప్పుడు నాయన చెయ్యి చాచి అడిగాడు. ఇచ్చింది. కిందికి దిగి, ఇత్తడి పేరుపలక దగ్గరికి పోయి, గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఒక్కో అక్షరం లోపలి అంచు నుంచి బయటికి తుడిచాడు. గట్టిగా రుద్దలేదు. మడత మార్చి మళ్లీ తుడిచాడు. ఎనిమిదో అక్షరం, తొమ్మిదో అక్షరం. డ్రైవర్ గడియారం చూసుకొని, కూత వెయ్యకుండా ఇంకో నిమిషం ఆగాడు.

మధ్యాహ్నం హేవెన్‌స్ట్రీట్‌లో దిగాం. షెడ్డు, వర్క్‌షాపు అక్కడే. ఫలహారశాలలో స్కోన్లు, గట్టి మీగడ, జామ్, టీ. ఇద్దరికీ పదిహేను పౌండ్లయింది. మీగడ ముందా జామ్ ముందా అన్నదానిమీద పక్క టేబులు వాళ్లు ఇద్దరు మాకు రెండు రకాలుగా నేర్పించారు. అక్కడి మ్యూజియంలో 1870ల నాటి టెరియర్ రకం ట్యాంక్ ఇంజన్లు కూడా చూశాం, ఓ2 కంటే ఇంకా చిట్టివి. నాకు గుర్తుండిపోయింది మాత్రం గోడమీద చదివిన కాల్‌బోర్న్ కథే. 1966 డిసెంబరు 31తో దీవిలో ఆవిరి బండ్లు ఆగిపోయాయి. కరెంటు పనుల సామాను మోయడానికి కాల్‌బోర్న్‌నీ, చేల్ అనే ఇంకో ఇంజన్నీ మార్చి దాకా ఉంచారు. తోటి ఇంజన్లు తుక్కయ్యాయి, చేల్ కూడా పోయింది. అదే 1966లో సంఘంగా చేరిన కొంతమంది కుర్రాళ్లు చందాలు పోగేసి దీన్ని కొన్నారు. న్యూపోర్ట్‌లో పెట్టుకుంటే అక్కడి పట్టాలు పీకేసే రోజు వచ్చింది. 1971 జనవరి 24, ఆదివారం, ఇంజన్నీ పెట్టెల్నీ ఆ లైను మీదుగా హేవెన్‌స్ట్రీట్‌కి నడిపించుకొచ్చారు. ఆ ఒక్కరోజు ఆలస్యమై ఉంటే అనే మాట తలుచుకుంటేనే నాకు కడుపులో దేవినట్టయింది.

సాయంత్రం రైడ్‌లో చేప, చిప్స్. ఆదివారం కాబట్టి ఏ నూనె అని అడగలేదు, 27 పౌండ్లు. కాడ్ చేప ముక్క పళ్లెం దాటి ఉంది, ముల్లు లేదు. నాయన జేబులోంచి కారప్పొడి పొట్లం తీశాడు. "తాజా చేపే. పులుసు పెట్టి ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు నెల్లూరు మనిషిగా.

సోమవారం, కాల్‌బోర్న్ ఊరు

ఇంజన్‌కి పేరిచ్చిన ఊరు చూడకుండా పోకూడదన్నాడు. న్యూపోర్ట్‌లో బస్సు మారాలి. నేను ఒక స్టాపు ముందే దిగమన్నాను. దిగాక చూస్తే ఊరు లేదు, రెండు వైపులా నిలువెత్తు కంచె పొదలు, మధ్యలో ఒక కారు పట్టేంత దారి. మైలు నడిచాం. కారు వచ్చినప్పుడల్లా పొదలోకి ఒదిగి నిలబడాలి. ప్రతి డ్రైవరూ స్టీరింగు మీదనుంచి ఒక వేలు ఎత్తి పోతాడు. మూడో కారుకి నాయన కూడా వేలు ఎత్తడం నేర్చుకున్నాడు. నాలుగోది ఆగింది. వెనక సీట్లో ఒక తడిసిన కుక్క, ముందు మట్టిబూట్ల ఆసామి. ఎక్కించుకొని ఊరి నడుమ దింపాడు.

ఊరు చిన్నది. వింకిల్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. ఒక పక్కే ఇళ్లు, రాతి గోడలు, గడ్డి కప్పులు. రెండో పక్క వాగు. ఆ వాగులోనే ఒకప్పుడు ఉన్ని కత్తిరించేముందు గొర్రెల్ని కడిగేవాళ్లట, రాళ్లు కట్టిన చోటు ఇంకా ఉంది. రైలు ఎప్పుడూ ఊళ్లోకి రాలేదు. స్టేషన్ దూరంగా పొలాల్లో ఉండేది. ఆ లైనూ 1953లోనే మూతపడింది. గుమ్మంలో ఉన్న ఒక పెద్దామెకి ఈ ఊరి పేరున్న ఇంజన్ చూసి వచ్చామని చెప్పాను. ఆమె తన మనవడిని ఏటా దానిమీద తిప్పుతుందట. నాయన ఫోన్లో పేరుపలక ఫోటో చూపించాడు. ఆమె అద్దాలు తెచ్చుకొని చూసింది. తర్వాత లోపలికి పోయి రెండు పెద్ద ఎర్ర టమాటాలు తెచ్చి నాయన చేతిలో పెట్టింది. తిరుగు బస్సు గంట తర్వాత. చర్చి గోడమీద కూర్చొని, ఉప్పు కారం అద్దుకొని అవి తిన్నాం.

మంగళవారం, ఆస్‌బోర్న్, తిరుగు ప్రయాణం

విక్టోరియా రాణి వేసవి ఇల్లు, ఆస్‌బోర్న్ హౌస్. ఆమె చనిపోయింది కూడా 1901 జనవరిలో అక్కడే. టికెట్లు ఇద్దరికీ నలభై పౌండ్ల పైమాటే. గదులు చాలా ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ రాయను. దర్బార్ గది మాత్రం చెప్పాలి. 1890లో మొదలుపెట్టి కట్టించిన ఆ గదికి రూపకల్పన లాహోరు నుంచి వచ్చిన భాయ్ రాం సింగ్‌ది. గోడలూ కప్పూ అంతా తెల్లటి నగిషీ, ఒక నెమలి. నైన్ ఎల్మ్స్‌లో మన 209 తయారవుతున్న రోజుల్లోనే ఇక్కడ ఈ పని జరుగుతోంది. బయటి నడవలో రాణి మున్షీ అబ్దుల్ కరీం పటం, ఇంకా ఎందరో మన పనివాళ్ల పటాలు. చిత్రకారుడు స్వోబోడా వేసినవి. కుమ్మరి, నేతగాడు, మామూలు మొహాలు. నాయన ఒక్కోదాని ముందూ నిలబడి వాళ్ల చేతులు చూశాడు.

మూడింటికి రైడ్ పియర్ మీదకి వచ్చేశాం. పడవకి అరగంట ఉంది. నీళ్లు తిరిగొచ్చాయి, చెక్కల సందుల్లోంచి కింద ఆకుపచ్చగా కదులుతున్నాయి. నాయన బెంచీ మీద కూర్చొని ఫోన్ తీశాడు. బిట్రగుంటలో ఉన్న తన షెడ్డు నేస్తానికి చేశాడు. వాళ్లిద్దరూ ఒకే రోజు క్లీనర్లుగా చేరారు. అక్కడ రాత్రి ఏడున్నర. స్పీకర్ పెట్టాడు. అవతల కుక్కర్ విజిల్, టీవీ, ఆయన దగ్గు, అన్నీ వినిపిస్తున్నాయి.

"ఒరే, టెండర్ లేదురా దానికి. ఆఁ, లేదు. ఒంటిమీదే నీళ్లు."

అవతలి నుంచి ఏదో అడిగారు.

"ఎనిమిది వందల గ్యాలన్లే. ఎనిమిది వందలే అంటుంటే! తిప్పేది కూడా లేదు, అట్నే వెనక్కి పోతుంది." కాసేపు విన్నాడు. జేబులోంచి ఆ గుడ్డపీలిక తీసి మోకాలి మీద పరిచాడు. "తుడిచానురా. ఇత్తడి. బయటి నుంచి కాదు, లోపలి అంచు నుంచే. మన ఫోర్‌మన్ చెప్పినట్టే."